పాత ల్యాప్‌టాప్‌కి మీరే ఎస్‌ఎస్‌డీ వేసుకోవడం ఎలా?

"ల్యాప్‌టాప్ ఆన్ చేసి, మొహం కడుక్కుని వచ్చినా ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఇక కొత్తది కొనేయాలా?" ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. అడిగిన ప్రతివాళ్లకీ ముందు లోపల ఏ డిస్క్ ఉందో చూడమనే చెబుతాను. చాలాసార్లు లోపల తిరిగే హార్డ్ డిస్కే ఉంటుంది. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్‌ల మీదే డేటా దాచే డ్రైవ్, పెడితే అదే మెషీన్ మళ్లీ పరుగు అందుకుంటుంది. కొత్త ఫోన్ డబ్బా విప్పడం నాకు చాలా ఇష్టం. అయినా పక్కన పడేసిన ల్యాప్‌టాప్ మూత బిగించి, పవర్ బటన్ నొక్కి, పదిహేను ఇరవై సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చేయడం చూసినప్పుడు కలిగే సంతోషం వేరు.

ఈ పనిలో స్క్రూలు విప్పడం చిన్న భాగం. చెడగొట్టుకునేవాళ్లు చాలావరకు స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే పొరపాటు చేసి ఉంటారు. సరిపోని రకం కొంటారు, బ్యాకప్ తీసుకోరు, తాళం వేసిన డిస్క్‌ని తెరిచే రికవరీ కీ రాసిపెట్టుకోరు. అందుకే ముందు చూసుకోవాల్సిన వాటి మీదే ఎక్కువ రాస్తున్నాను. తొందరపడి నేరుగా స్టెప్స్‌లోకి దూకకండి.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి, అంటే ఒక్కో చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావాల్సిన ఫైల్ ఉన్నచోటు, డిస్క్‌ని చదివే హెడ్ కిందకి వచ్చేదాకా ఆగాలి, ఈలోపు హెడ్ కూడా జరగాలి. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న ఫైళ్లు చదువుతుంది కాబట్టి ఆ ఎదురుచూపులన్నీ కలిసి నిమిషాలవుతాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. అది మిల్లీసెకనులో పదో వంతులో జవాబిస్తుంది.

మీ ల్యాప్‌టాప్‌కి ఇది పనికొస్తుందా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. 'పెర్ఫార్మెన్స్' ట్యాబ్‌లో 'డిస్క్ 0' దగ్గర హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అని ఉందా, ఎస్‌ఎస్‌డీ అని ఉందా చూడండి. హెచ్‌డీడీ అని ఉండి, ఏ ప్రోగ్రామ్ తెరిచినా డిస్క్ వాడకం 100 శాతానికి వెళ్లి అక్కడే కూర్చుంటే మీ సమస్య ఇదే.

ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ అని ఉంటే ఈ వ్యాసం మీకు అక్కర్లేదు. డ్రైవ్ నిండిపోయిందా, మెమరీ చాలట్లేదా, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని వేడెక్కుతోందా చూసుకోండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే ఎస్‌ఎస్‌డీ వేసినా బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరవగానే మళ్లీ నెమ్మదిస్తుంది. ఎలాగూ మూత తీస్తున్నారు కాబట్టి ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో కూడా చూడండి.

కొన్నిటికి మాత్రం అసలు కుదరదు. చిన్న సైజు చవక మోడళ్లలో ఈఎంఎంసీ అనే స్టోరేజ్‌ని మదర్‌బోర్డు మీదే అతికించి పంపుతారు, దాన్ని మార్చలేం. 2018లో వచ్చిన రెటీనా మోడల్ నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో కూడా స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది.

ఏ రకం కొనాలి? ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

ఎస్‌ఎస్‌డీలు చూడ్డానికి రెండు ఆకారాల్లో వస్తాయి, లోపల రెండు భాషలు మాట్లాడతాయి, అంటే ల్యాప్‌టాప్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతులు రెండు: సాటా, దానికంటే వేగమైన ఎన్‌వీఎంఈ. ఈ రెంటినీ కలిపేసుకుంటే తప్పు సరుకు ఇంటికొస్తుంది.

మొదటి ఆకారం రెండున్నర అంగుళాల సాటా. పాత హార్డ్ డిస్క్ ఎంత ఉంటుందో ఇదీ అంతే, అవే కనెక్టర్లు. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ ఉంటే దాదాపు కళ్లు మూసుకుని ఇది తీసుకోవచ్చు. మందం ఒక్కటే గమనించండి. ఎస్‌ఎస్‌డీలు 7 మిల్లీమీటర్లు ఉంటాయి, పాత డిస్కులు కొన్ని 9.5 మిల్లీమీటర్లు ఉంటాయి. అలాంటి చోట కొత్తది కాస్త వదులుగా కూర్చుంటుంది. డబ్బాలో ప్లాస్టిక్ చట్రం ఇస్తే అంటించండి. ఇవ్వకపోయినా పాత బ్రాకెట్‌కి స్క్రూలతో బిగిస్తే కదలదు.

రెండో ఆకారం ఎం.2. చూయింగ్ గమ్ పట్టీలా పలచగా, పొడుగ్గా ఉంటుంది. దాని మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. 2242, 2230 కూడా ఉన్నాయి. మీ స్లాట్‌లో స్క్రూ రంధ్రం ఎక్కడుందో ఆ పొడవే కొనాలి.

అసలు చిక్కు ఈ ఎం.2తోనే. ఇందులో సాటా భాష మాట్లాడేవి కొన్ని, ఎన్‌వీఎంఈ భాష మాట్లాడేవి కొన్ని ఉంటాయి. బంగారు రంగు అంచులో సాటా వాటికి సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈ వాటికి ఎక్కువగా ఒకే గాటు ఉంటాయి. కానీ గాటు సరిపోయినంత మాత్రాన పనిచేస్తుందని అనుకోవద్దు. నేను మొదటిసారి అక్కడే దెబ్బతిన్నాను. మా అక్క ల్యాప్‌టాప్‌లో ఖాళీ ఎం.2 స్లాట్ చూసి, వేగం ఎక్కువని ఎన్‌వీఎంఈ కొన్నాను. చక్కగా దూరింది, స్క్రూ కూడా పడింది. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్‌లో) మాత్రం కనపడలేదు. డ్రైవ్ పాడైందేమో, స్లాట్ చెడిందేమో అని రెండు రోజులు టెన్షన్ పడ్డాక మాన్యువల్ తీసి చదివితే, ఆ స్లాట్‌కి సాటా మాత్రమే పనిచేస్తుందని రాసి ఉంది. ముందే ఐదు నిమిషాలు చదివి ఉంటే సరిపోయేది.

కాబట్టి ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న పూర్తి మోడల్ నంబర్ తీసుకుని, తయారీదారు సైట్‌లో దాని సర్వీస్ మాన్యువల్ దించుకోండి. చాలా పెద్ద కంపెనీలు ఉచితంగానే ఇస్తాయి. 'స్టోరేజ్' భాగంలో ఏ స్లాట్, ఏ భాష, ఎంత పొడవు అన్నీ ఉంటాయి. ఒకే పేరుతో అమ్మిన మోడళ్లలో కూడా లోపలి స్లాట్లు వేరుగా ఉండొచ్చు, అందుకే చివరి అంకెల దాకా సరిచూసుకోండి.

వేగాల గురించి ఎక్కువ మథనపడకండి. హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ చదివితే గొప్ప. సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా వెళుతుంది, మూడో తరం పీసీఐఈ (ఎన్‌వీఎంఈ వాడే డేటా దారి) మీద నడిచే ఎన్‌వీఎంఈ 3500 దాకా వెళుతుంది. కానీ రోజువారీ పనిలో మీకు తెలిసే తేడా అంతా హార్డ్ డిస్క్ నుంచి సాటాకి మారినప్పుడే వస్తుంది. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి తేడా అంతగా తెలియదు. "నా స్లాట్‌లో సాటాయే పడుతుందట" అని బాధపడే వాళ్లందరికీ ఇది గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

సైజు విషయంలో ఒక చిన్న లెక్క ఉంది. పాత డిస్క్ 500 జీబీ అయితే 480 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనకండి. పాత డిస్క్‌లో ఉన్నదంతా విండోస్‌తో సహా ఉన్నది ఉన్నట్టు కాపీ చేయాలనుకుంటే, అంటే క్లోన్ చేయాలనుకుంటే, ఆ ఇరవై జీబీ తేడా దగ్గరే కొన్ని సాఫ్ట్‌వేర్లు మొరాయిస్తాయి. 500 గానీ 512 గానీ తీసుకోండి. అలాగే 1 టీబీ డిస్క్ బదులు 960 జీబీ వద్దు. ఇక పేరు వినని బ్రాండ్ నమ్మలేనంత చవకగా కనిపిస్తే వదిలేయండి. చిన్న చిప్‌లో పెద్ద సైజు అని అబద్ధం రాసి అమ్మే నకిలీలు ఉన్నాయి, నిండేకొద్దీ పాత ఫైళ్లు పాడైపోతాయి.

కావాల్సినవి

- సరైన రకం ఎస్‌ఎస్‌డీ.
- చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్, పీహెచ్0, పీహెచ్1 సైజులు. కొన్ని మోడళ్లకి నక్షత్రం ఆకారం టీ5 కావాలి.
- మూత లేపడానికి పలచని ప్లాస్టిక్ ముక్క. గిటార్ పిక్ బాగా పనికొస్తుంది. కత్తి, స్క్రూడ్రైవర్ మొన వాడితే అంచులు చెడతాయి.
- కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్. దాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుంది.
- ఫైళ్ల బ్యాకప్‌కి ఎక్స్‌టర్నల్ డ్రైవ్.
- క్లోన్ చేసేవాళ్లకి యూఎస్‌బీ–సాటా కేబుల్. ఎం.2 అయితే దానికి సరిపడే యూఎస్‌బీ కేస్.

ఎం.2 స్లాట్ స్క్రూ చాలాసార్లు డ్రైవ్‌తో పాటు రాదు. ల్యాప్‌టాప్‌లోనే స్లాట్ చివర పెట్టి ఉందేమో చూడండి. లేకపోతే ముందే తెప్పించుకోండి, టేప్‌తో అంటించే పని మాత్రం పెట్టుకోవద్దు.

క్లోన్ చేయాలా, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలా?

నా ఓటు కొత్త ఇన్‌స్టాల్‌కే. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తని కూడా కొత్త డ్రైవ్‌లోకి మోసుకెళ్లడం దేనికి? ఇన్‌స్టాల్ ఫైల్ పోయిన పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేరో, ఒకే మెషీన్‌కి లైసెన్స్ ఉన్న ప్రోగ్రామో ఉంటే మాత్రం క్లోన్ చేయండి.

విండోస్ లైసెన్స్ పోతుందని భయపడకండి. డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. డిస్క్ మారినా, ఇంతకుముందు ఉన్న ఎడిషనే, హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో, వేస్తే నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది.

ఇంకో నిర్ణయం కూడా ఇప్పుడే తీసుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం లేదా ఆ పైది ఉండాలి. మీ మెషీన్ అంతకంటే పాతదైతే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఒకసారి చూడండి. బ్రౌజింగ్, వీడియోలు, డాక్యుమెంట్లకే వాడే ల్యాప్‌టాప్ మీద అది హాయిగా నడుస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచే, ఇన్‌స్టాల్ చేయకుండా, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించుకోవచ్చు కూడా.

స్టెప్స్

1. పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి తెరవండి. నీలం రంగులో 'గుడ్' అని ఉంటే ముందుకెళ్లండి. పసుపు రంగులో 'కాషన్' అని వచ్చినా, డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తున్నా క్లోనింగ్ ఊసే ఎత్తకండి. గంటల తరబడి మొత్తం డిస్క్ చదివించే ఆ పనిలోనే అది ప్రాణం వదిలేయొచ్చు. ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు బయటికి కాపీ చేసుకోండి.

2. బ్యాకప్ తీయండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ ఫోల్డర్లు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే: బ్రౌజర్ బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డులు, కంప్యూటర్‌లోనే ఉన్న మెయిల్ ఫైళ్లు, మీరు దించుకున్న ఫాంట్లు, డీ డ్రైవ్‌లో ఎప్పుడో పెట్టినవి. కాపీ అయ్యాక ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ కింద లెక్కేయను.

3. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం) సంగతి చూడండి. సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అని వెతకండి. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. రేపు ఈ పాత డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలించి ఫైళ్లు తీయాలన్నా ఆ కీ అడుగుతుంది. క్లోన్ చేసేవాళ్లు ముందు ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ చేసి, అది విప్పడం అయ్యేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టడం సురక్షితం. పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

4. పెన్‌డ్రైవ్ తయారు చేయండి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని నడిపితే అదే చేసిపెడుతుంది. ఆ పెన్‌డ్రైవ్‌లోనే మీ మోడల్ వైఫై డ్రైవర్‌ని కూడా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై కనపడకపోతే అప్పుడు దించుకోవడానికి నెట్ ఉండదు.

5. క్లోన్ చేసేవాళ్లకి మాత్రమే. ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించండి. కొన్ని ఎస్‌ఎస్‌డీ కంపెనీలు తమ డ్రైవ్‌లకి క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తాయి, అదే వాడండి. చాలామంది ఇప్పటికీ సిఫార్సు చేసే మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌ని కంపెనీ ఆపేసింది. క్లోన్‌జిల్లా ఉచితమే, నమ్మకమైనదే, కానీ స్క్రీన్ చూస్తే కొత్తవాళ్లకి భయం వేస్తుంది. ఏది వాడినా 'సోర్స్' పాతది, 'టార్గెట్' కొత్తది. ఈ రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద పడుతుంది. జీబీ చూసి గుర్తుపట్టకండి, రెండూ ఒకే సైజు ఉండొచ్చు. మోడల్ పేరు చదివి, వేలు పెట్టి చూపించుకుని, అప్పుడు 'స్టార్ట్' నొక్కండి. చార్జర్ తగిలించే ఉంచండి, మధ్యలో నిద్రపోకుండా స్లీప్ ఆఫ్ చేయండి.

6. పూర్తిగా ఆపండి. షిఫ్ట్ కీ పట్టుకుని 'షట్ డౌన్' నొక్కండి. మామూలుగా ఆపితే విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. చార్జర్ తీసేయండి. బయటికి వచ్చే బ్యాటరీ అయితే అదీ తీసేయండి.

7. మూత తీయండి. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ వెనక భాగం బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూనీ అదే స్థానంలో టేప్‌తో అంటించండి. స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే పైన కీబోర్డ్ పక్క ప్లాస్టిక్ ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది. అన్నీ తీశానని అనుకున్నా మూత రాకపోతే బలం చూపించకండి. రబ్బరు కాళ్ల కింద, స్టిక్కర్ కింద, డీవీడీ డ్రైవ్ లాగితే దాని గూట్లో ఇంకో స్క్రూ దాగి ఉంటుంది. ప్లాస్టిక్ ముక్కని అంచులో దూర్చి నెమ్మదిగా జరిపితే క్లిప్పులు ఒక్కొక్కటే టప్ మని ఊడతాయి. ఆ శబ్దానికి కంగారు పడొద్దు.

8. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. వైర్లు పట్టుకుని లాగకుండా ప్లాస్టిక్ తలని పట్టుకోండి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి, మిగిలిన కరెంటు పోతుంది. చిప్‌లని ముట్టుకునే ముందు రంగు వేయని ఏదైనా లోహాన్ని తాకండి. కార్పెట్ మీద, ఊలు బట్టల్లో ఈ పని చేయకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని పాత మోడళ్లలో కీబోర్డ్ వైపు నుంచి తెరవాలి. కీబోర్డ్ కింద కాగితమంత పలచని రిబ్బన్ కేబుల్ ఉంటుంది. దాన్ని పట్టుకున్న సాకెట్‌కి నల్లగానో తెల్లగానో గోరంత రెప్ప ఉంటుంది. ఆ రెప్పని పైకి లేపితేనే కేబుల్ వదులుతుంది. నేను ఒకసారి అది చూడకుండా కేబుల్ లాగాను, రెప్ప విరిగి ఊడొచ్చింది. కొత్త డ్రైవ్ అంతా బాగానే పనిచేసింది గానీ కీబోర్డ్‌లో ఒక్క అక్షరం పడలేదు. అప్పటి నుంచి ఫోన్ టార్చ్ వేసి సాకెట్ ఎలా తెరుచుకుంటుందో చూడకుండా ఏ కేబుల్‌నీ ముట్టుకోవడం లేదు. మీరూ ముట్టుకోవద్దు. కేబుల్ తీసే ముందు ఒక ఫొటో కూడా తీసుకోండి.

9. డ్రైవ్ మార్చండి. రెండున్నర అంగుళాలది అయితే పాత డిస్క్‌ని కనెక్టర్ నుంచి దూరంగా తిన్నగా జరపండి, పైకి ఎత్తకండి. దాని చుట్టూ ఉన్న లోహపు చట్రం విప్పి కొత్తదానికి బిగించండి. కనెక్టర్‌లో రెండు భాగాలుంటాయి, ఒకటి డేటాకి, ఒకటి పవర్‌కి. రెండూ ఒకవైపు వంకీ తిరిగి ఉంటాయి కాబట్టి తిరగేసి దూరదు. దూరకపోతే తిప్పి చూడండి, నొక్కకండి.

ఎం.2 అయితే స్లాట్‌లోకి ఏటవాలుగా, ముప్ఫై డిగ్రీల కోణంలో తోయండి. బంగారు రంగు అంచు దాదాపు లోపలికి వెళ్లిపోవాలి. వదిలితే రెండో కొస పైకి లేచి నిలబడుతుంది, అది సహజమే. వేలితో కిందకి నొక్కి స్క్రూ వేయండి. బిగుతుగా అక్కర్లేదు, ఆగితే చాలు.

ఎం.2 స్లాట్ ఖాళీగా ఉండి, హార్డ్ డిస్క్‌ని కూడా డేటాకి ఉంచుకోవాలనుకునే అదృష్టవంతులకి ఒక మాట. ఇన్‌స్టాల్ చేసేంతసేపూ హార్డ్ డిస్క్‌ని ఊడదీసి ఉంచండి. లేదంటే విండోస్ లేవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు ఆ పాత డిస్క్ మీదే మిగిలిపోవచ్చు. ఎప్పుడో అది చెడిపోయిన రోజు, బాగున్న ఎస్‌ఎస్‌డీ కూడా లేవదు.

10. స్క్రూలన్నీ బిగించకముందే పరీక్షించండి. బ్యాటరీ కనెక్టర్ పెట్టి, మూత ఊరికే ఆనించి, ఆన్ చేసి బయాస్‌లోకి వెళ్లండి. కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10 లేదా డిలీట్ కీ. డ్రైవ్ పేరు కనిపిస్తే ఆపేసి మూత బిగించండి. కనపడకపోతే మళ్లీ ఆపి, బ్యాటరీ ఊడదీసి, డ్రైవ్ తీసి పెట్టండి. చాలాసార్లు సగమే దూరి ఉంటుంది.

11. విండోస్ వేయండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. ప్రొడక్ట్ కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' అన్నదాన్ని ఎంచుకోండి. డిస్క్ స్క్రీన్‌లో 'అన్‌అలొకేటెడ్ స్పేస్' అని ఒక్కటే లైన్ కనిపించాలి. దాన్నే ఎంచుకుని 'నెక్స్ట్' నొక్కండి, పార్టిషన్లు, అంటే డిస్క్‌లో భాగాలు, విండోస్ తనే చేసుకుంటుంది. క్లోన్ చేసినవాళ్లకి ఈ స్టెప్ అక్కర్లేదు, నేరుగా ఆన్ చేయడమే.

ఆగిపోతే ఏం చేయాలి?

*బయాస్‌లో డ్రైవ్ ఉంది, విండోస్ ఇన్‌స్టాలర్‌కి కనపడట్లేదు.* ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. స్టోరేజ్ కంట్రోలర్ వీఎండీ అనే ఇంటెల్ మోడ్‌లో ఉంటుంది, దానికి వేరే డ్రైవర్ కావాలి. మీ మోడల్ సపోర్ట్ పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, అదే స్క్రీన్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కండి.

*క్లోన్ అయ్యింది, బూట్ అవ్వట్లేదు.* ముందు బయాస్‌లో బూట్ వరుస చూడండి. తర్వాత పాత విండోస్ లెగసీ (పాత పద్ధతి బూట్) మోడ్‌లో ఉందా, యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి బూట్) మోడ్‌లో ఉందా చూసి బయాస్ అదే మోడ్‌లో ఉంచండి. క్లోన్ చేసేటప్పుడు సీ డ్రైవ్ ఒక్కదాన్నే ఎంచుకున్నా ఇలాగే అవుతుంది. చిన్న చిన్న పార్టిషన్లతో సహా మొత్తం డిస్క్ క్లోన్ చేయాలి.

*512 కొన్నాను, 476 జీబీయే చూపిస్తోంది.* మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కపెడుతుంది, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుంది. 500కి 465, 1 టీబీకి 931 రావాలి. అంతకంటే బాగా తక్కువగా ఉంటే మాత్రం క్లోన్ పాత డిస్క్ సైజులోనే ఆగిందని అర్థం. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌టెండ్' చేయండి. ఆ ఆప్షన్ మసకబారి ఉంటే సీకీ ఖాళీ చోటుకీ మధ్య రికవరీ పార్టిషన్ అడ్డుగా ఉంది.

పని సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది?

వేగం కంటే ముందు, మీరు విప్పి బిగించినవన్నీ పనిచేస్తున్నాయా చూడండి. నోట్‌ప్యాడ్ తెరిచి కీబోర్డ్ మీద ప్రతి కీ ఒకసారి నొక్కండి. టచ్‌ప్యాడ్, రెండు స్పీకర్లు, వైఫై, కెమెరా, అన్ని యూఎస్‌బీ పోర్టులు, చార్జింగ్ చూడండి. స్క్రీన్ మూసి స్లీప్‌లోకి పంపి, పది నిమిషాల తర్వాత లేపండి.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కొత్త డ్రైవ్ చూడండి. ఆరోగ్యం 100 శాతం ఉండాలి. 'పవర్ ఆన్ అవర్స్' కొత్తదానికి చాలా తక్కువ ఉండాలి. వందల గంటలు చూపిస్తే ఎవరో వాడి తిప్పి పంపిన సరుకు మీకు అంటగట్టారు, వెనక్కి పంపేయండి. సాటా అయితే 'ట్రాన్స్‌ఫర్ మోడ్' దగ్గర 600 అని ఉండాలి. 300 అని ఉంటే మీ ల్యాప్‌టాప్ రెండో తరం సాటాది, వేగం సెకనుకి సుమారు 280 ఎంబీ దగ్గర ఆగుతుంది. అయినా హార్డ్ డిస్క్‌తో పోలిస్తే తేడా మీకు మొదటి రోజే తెలుస్తుంది.

క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌తో వేగం కూడా కొలవొచ్చు. అందరూ మొదటి వరుసలో పెద్ద అంకె చూసి మురిసిపోతారు. నేను చివరి వరుస చూస్తాను, చిన్న ఫైళ్లని ఒక్కొక్కటిగా చదివే పరీక్ష అది. హార్డ్ డిస్క్ అక్కడ సెకనుకి ఒక ఎంబీ కూడా దాటదు, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ ఇరవై, ముప్ఫై చూపిస్తుంది. మీ ల్యాప్‌టాప్ చురుగ్గా అనిపించడానికి కారణం ఆ అంకే. ఒకసారి చూసి వదిలేయండి, రోజూ ఆ పరీక్ష నడిపితే డ్రైవ్ మీద అనవసరంగా రాతలు పెరుగుతాయి.

చివరగా స్టార్ట్ మెనూలో 'డీఫ్రాగ్' అని కొడితే వచ్చే కిటికీలో మీ డ్రైవ్ ఎదురుగా 'సాలిడ్ స్టేట్ డ్రైవ్' అని ఉందో లేదో చూడండి. ఉంటే విండోస్ తనే సరైన పద్ధతిలో ట్రిమ్ చేసుకుంటుంది, అంటే చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అయిందని డ్రైవ్‌కి చెబుతుంది. వేరే డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు ఏవీ వేయకండి. డ్రైవ్‌ని అంచుల దాకా నింపకుండా పదో వంతైనా ఖాళీ ఉంచండి.

పాత డిస్క్‌ని ఏం చేయాలి?

ఒక నెల ఏమీ చేయకండి. ఫార్మాట్ చేయాలని చేయి దురద పెడుతుంది, ఆగండి. బ్యాకప్‌లో ఏదో ఫోల్డర్ మర్చిపోయానని మీకు రెండో వారంలో గుర్తొస్తుంది. డిస్క్ మీద మార్చిన తేదీ, మెషీన్ పేరు రాసిన కాగితం అంటించి, రికవరీ కీ ఉంటే అది కూడా రాసిపెట్టుకున్నారో లేదో మళ్లీ చూసుకుని, పొడిగా ఉండే చోట దాచండి. నెల దాటాక, ఆరోగ్యం 'గుడ్' అని ఉంటే యూఎస్‌బీ కేస్‌లో పెట్టి బ్యాకప్ డ్రైవ్‌గా వాడుకోండి. ఎవరికైనా ఇచ్చేస్తుంటే మామూలు ఫార్మాట్ చాలదు. 'క్విక్ ఫార్మాట్' టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. అప్పుడు విండోస్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది, గంటలు పడుతుంది కాబట్టి పడుకునే ముందు మొదలుపెట్టండి.